ఆపమన్నవాళ్లకు ఫ్లెక్సీలు ఎవరు కడతారు?

ఈ మధ్య కాలంలో మన రెండు ఊళ్లూ, విజయవాడా గుంటూరూ, అంతరిక్షానికి చెరొకరిని పంపినంతగా సంబరపడ్డాయి. రిచర్డ్ బ్రాన్సన్‌తో పాటు వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో 2021 జులై 11న దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లివచ్చిన బండ్ల శిరీషకు గుంటూరు మూలాలున్నాయని తెలియగానే, గుంటూరు ఆడపడుచు అన్న మాట టీవీ తెరల మీద రోజంతా తిరిగింది. బ్లూ ఆరిజిన్ క్యాప్సూల్‌లో 2024 మే 19న పది నిమిషాలపాటు ప్రయాణించి తొలి భారతీయ అంతరిక్ష పర్యాటకుడిగా పేరు పొందిన తోటకూర గోపీచంద్ విజయవాడలో పుట్టినవారు కావడంతో ఆ సంబరం కృష్ణ దాటి ఇవతలికి వచ్చింది. ఆ తర్వాత 2025 జూన్, జులై నెలల్లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి క్షేమంగా తిరిగివచ్చేసరికి, వ్యోమగామి అంటే వీరుడే అన్న అభిప్రాయం మన బళ్లలోనూ సభల్లోనూ స్థిరపడిపోయింది. ఇలాంటి సందర్భాల్లో విజయవాడ బెంజిసర్కిల్‌లోనో గుంటూరు శంకర్‌విలాస్ దగ్గరో వెలిసే అభినందన ఫ్లెక్సీ ఎలా ఉంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మధ్యలో హెల్మెట్ చంకన పెట్టుకున్న వ్యోమగామి ఉంటారు, పైన వరుసగా అధినేతల గుండ్రటి ఫొటోలు ఉంటాయి, కింద చేతులు జోడించి స్థానిక నాయకుడు నిలబడి ఉంటాడు. కొలిచి చూస్తే నాయకుడి ఫొటోయే పెద్దదని తేలుతుంది.

ఈ ముగ్గురి మీదా నాకు గౌరవమే ఉంది. అభ్యంతరమల్లా వారి తలకు మనం పెడుతున్న కిరీటం మీదే. వ్యోమగామి నిపుణుడు, సాహసి, ఏళ్ల తరబడి కఠోర శిక్షణకు ఓర్చుకున్నవాడు, అందరూ మెచ్చుకోదగినవాడు. అయినా అంతరిక్షంలోకి వెళ్లివచ్చినంత మాత్రాన ఆయన వీరుడు కాడు. ఆ గౌరవం దక్కవలసింది ఆయనను ఎక్కించుకున్న రాకెట్‌ను చూపించి ‘ఇది ఎగరడానికి వీల్లేదు, ఆపండి’ అనగలిగిన మనిషికి, అలా అన్నందుకు ఉద్యోగంలోనో జీవితంలోనో నష్టపోయిన మనిషికి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన అభ్యంతరమేమీ కాదు. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద నడుస్తుండగా పైన కక్ష్యలో ఒంటరిగా తిరుగుతూ గడిపిన మైకేల్ కాలిన్స్, ఆ యాత్రకు నలభై ఏళ్లు నిండిన 2009లో, వీరుల జాబితాలో వ్యోమగాములను చేర్చవద్దని, తాము కష్టపడి దాదాపు లోపం లేకుండా పనిచేశామని, అయితే తమను నియమించిందే ఆ పని కోసమని స్పష్టంగా చెప్పారు. చంద్రుడి దాకా వెళ్లివచ్చిన మనిషే వద్దంటున్న బిరుదును పది నిమిషాల ప్రయాణానికి మనం ఎందుకు కట్టబెడుతున్నామన్నది ఆలోచించవలసిన విషయం. గోపీచంద్ ప్రయాణించిన ఆ క్యాప్సూల్‌లోనే ఎడ్ డ్వైట్ అనే తొంభై ఏళ్ల శిల్పి కూడా ఉన్నారు. 1960ల తొలినాళ్లలో వ్యోమగామి కావడానికి శిక్షణ పొందిన తొలి నల్లజాతి అమెరికన్ పైలట్ ఆయనే. నాసా ఎంపికలో మాత్రం ఆయనకు చోటు దక్కలేదు. ఆ అవకాశం కోసం అరవై ఏళ్లు ఆగిన మనిషి పక్క సీటులో ఉన్నా మన చూపు మన ఊరి పేరు దాటి పోలేదు.

ప్రాణాపాయమే వీరత్వానికి కొలత అయితే మన చుట్టూ వీరులకు కొదవ ఉండకూడదు. రోజూ తాటిచెట్లు ఎక్కిదిగే గీత కార్మికుడు, ముసురు పట్టిన వేళ బాపట్ల తీరం నుంచి వేటకు వెళ్లే మత్స్యకారుడు, 2013 నాటి చట్టం స్పష్టంగా నిషేధించినా మ్యాన్‌హోల్‌లోకి దిగవలసి వస్తున్న పారిశుద్ధ్య కార్మికుడు ప్రాణాలను పణంగా పెట్టే బతుకుతున్నారు. వారితో పోలిస్తే వ్యోమగామి ఎదుర్కొనే అపాయం తాను కోరి ఎంచుకున్నది, వందలమంది నిపుణులు ముందుగానే లెక్కగట్టినది, తిరిగి రాగానే కీర్తిని తెచ్చిపెట్టేది. అపాయాన్ని తట్టుకోవడం ధైర్యమే, అందులో సందేహం లేదు. వీరత్వానికి అదనంగా మరొకటి కావాలి. ముందున్న ప్రమాదం ఏమిటో తనకు తెలిసి ఉండాలి, నోరు మూసుకుని ఉంటే తనకు ఏ నష్టమూ లేదని కూడా తెలిసి ఉండాలి, అయినా ఇతరుల ప్రాణాల కోసం నోరు విప్పాలి. అంతరిక్ష చరిత్రలో ఈ పరీక్షకు నిలబడిన వారి కోసం వెతికితే వ్యోమనౌకల్లో కంటే కాన్ఫరెన్స్ గదుల్లోనే ఎక్కువమంది కనిపిస్తారు.

1986 జనవరి 27 రాత్రి జరిగిన ఒక టెలికాన్ఫరెన్స్‌ను ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మర్నాడు ఉదయం అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ షటిల్ ఎగరవలసి ఉంది. ఫ్లోరిడాలో ఆ రాత్రి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయి కంటే దిగువకు పడిపోతుందని సూచన వచ్చింది. షటిల్‌కు ఇరువైపులా ఉండే బూస్టర్లు ముక్కలు ముక్కలుగా తయారై వస్తాయి. ఆ ముక్కలు కలిసే చోట వేడి వాయువులు బయటికి తన్నుకురాకుండా రబ్బరు రింగులు అడ్డుకుంటాయి. చలికి రబ్బరు గట్టిపడి, సందును సకాలంలో మూయలేకపోతుంది. బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకోల్ సంస్థలో రోజర్ బోజోలీ అనే ఇంజినీరు ఏడాది ముందు చలిలో జరిగిన ప్రయోగం తర్వాత ఆ రింగుల దగ్గర పేరుకున్న మసి ఫొటోలను చూపించి మరీ వాదించారు. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగించవద్దని ఇంజినీర్లు మొదట సిఫారసు కూడా చేశారు. నాసా అధికారులకు అది రుచించలేదు. సంస్థవారు కాసేపు విడిగా మాట్లాడుకుంటామని లైను ఆపేసి, ఇంజినీర్లను పక్కన కూర్చోబెట్టి, పైస్థాయి మేనేజర్లే ఒక నిర్ణయానికి వచ్చారు. అక్కడ ఇంజినీరింగ్ విభాగం అధిపతితో, ఇంజినీరు టోపీ తీసేసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమని పై అధికారి అన్న సంగతి తర్వాత విచారణ సంఘం రికార్డులకెక్కింది. లైను మళ్లీ కలిసేసరికి సిఫారసు తలకిందులైంది.

ఆ సమయంలో సంస్థ తరఫున ఫ్లోరిడాలో ఉన్న సీనియర్ ఇంజినీరు అలన్ మెక్‌డొనాల్డ్. ప్రయోగానికి అభ్యంతరం లేదని సంతకం చేయవలసిన బాధ్యత ఆయనది. ఆయన సంతకం పెట్టనన్నారు. యూటాలో ఉన్న పై అధికారి సంతకం పెట్టి ఫ్యాక్స్ పంపాడు. మర్నాడు ప్రయోగవేదికకు మంచు కడ్డీలు వేలాడుతుండగానే షటిల్ లేచింది, 73 సెకన్లకు ముక్కలైంది. క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మతో సహా ఏడుగురు చనిపోయారు. మెక్‌డొనాల్డ్ కథ అక్కడితో ముగియలేదు. విచారణ సంఘం ముందు నాసా అధికారులు విషయాన్ని చప్పగా చెప్పుకుపోతుంటే, వెనక కూర్చున్న ఆయన లేచి, తాము ప్రయోగం వద్దన్నామని బయటపెట్టారు. దానికి ప్రతిఫలంగా ఆయనకు దక్కింది ప్రాధాన్యం లేని పోస్టు. అమెరికన్ కాంగ్రెస్‌లో కదలిక వచ్చాకే ఆయనకు మళ్లీ బాధ్యతలు దక్కాయి, బూస్టర్ల కీళ్లను కొత్తగా రూపొందించే పనికి ఆయనే సారథ్యం వహించారు. బోజోలీని సహోద్యోగులే వెలివేసినట్టు చూడటంతో ఆయన ఆ ఉద్యోగమే వదులుకున్నారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ రాత్రి రబ్బరు రింగుల మీద అంత రభస జరిగిందని ఛాలెంజర్‌లో ఎక్కిన ఏడుగురికీ ఎవరూ చెప్పలేదు. వాళ్లు చేతులూపుతూ నవ్వుతూ వెళ్లి కూర్చున్నారు. ప్రాణం ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది. తెలియని అపాయానికి బలైనవారిని చూసి కన్నీరు పెట్టడం న్యాయం. వారిని వీరులుగా నిలబెట్టడంలో మాత్రం ఒక సౌలభ్యం దాగి ఉంది. చనిపోయినవారు వీరులైపోతే చంపినవారిని అడగవలసిన అవసరం తప్పిపోతుంది.

కల్పనా చావ్లా విషయంలో మనం చేసింది సరిగ్గా ఇదే. 2003 జనవరి 16న ఆమె ఎక్కిన కొలంబియా షటిల్ లేచిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. ఎంత దెబ్బ తగిలిందో చూడటానికి కక్ష్యలో ఉన్న షటిల్‌ను ఫొటోలు తీయించమని ఇంజినీర్లు కోరారు. పైవారు అక్కరలేదన్నారు. రాడ్నీ రోషా అనే ఇంజినీరు ఈ నిర్ణయం తప్పని, ప్రమాదకరమని ఘాటుగా ఒక ఈమెయిల్ రాసుకున్నారు, కాని పంపలేదు. ప్రింట్ తీసి తోటివారికి చూపించి ఊరుకున్నారు. ఆ ఈమెయిల్ ప్రతి తర్వాత విచారణ బోర్డు నివేదికలోకి ఎక్కింది. ఈలోగా కొలంబియా కమాండర్‌కు, పైలట్‌కు భూమి నుంచి ఒక సందేశం వెళ్లింది: ఫోమ్ తగిలింది నిజమే కాని కంగారు పడవలసిందేమీ లేదని. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో ఏడుగురూ బూడిదయ్యారు. ఆ ప్రమాదానికి ఫోమ్ ముక్క ఎంత కారణమో నాసాలోని సంస్థాగత సంస్కృతి కూడా అంతే కారణమని విచారణ బోర్డు తేల్చి చెప్పింది. మన దేశం నాలుగు రోజుల్లో ఒక ఉపగ్రహానికి కల్పన పేరు పెట్టుకుంది, వీధులకు, హాస్టళ్లకు, అవార్డులకు పెట్టుకుంది. అందులో తప్పు లేదు. అయితే మన పిల్లలను అడిగి చూడండి. కర్నాల్‌లో పుట్టి నక్షత్రాలను కలగన్న అమ్మాయి కథ వారికి కంఠతా వచ్చు, ఆమె ప్రాణం ఏ గదిలో, ఏ కుర్చీలో కూర్చున్నవాళ్ల మొండితనం వల్ల పోయిందో తెలిసిన పిల్లలు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

నా వాదనకు ఎదురు వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. షటిళ్లు మొత్తం 135 సార్లు ఎగిరితే రెండుసార్లు పధ్నాలుగుమంది ప్రాణాలు పోయాయి. ఇంతటి అపాయం ఉన్న ఉద్యోగం మరొకటి చూపించమని అడుగుతారు. 1965లో తొలిసారి అంతరిక్షంలో నడిచిన అలెక్సీ లియోనోవ్, ఉబ్బిపోయిన సూటుతో నౌకలోకి తిరిగి దూరలేక, సూటులోని గాలిని తనంతట తానే తగ్గించుకుని బతికి బయటపడ్డాడని గుర్తుచేస్తారు. పిల్లలకు ఆకాశం వైపు తలెత్తి చూడటానికి ఎవరో ఒకరు కావాలి కదా అంటారు. నిజమే, కావాలి. ఆదర్శంగా తీసుకోవడానికి నిపుణుడు చాలు, సాహసి చాలు. వీరుడన్న పేరును అందరికీ పంచిపెడితే అది అసలు దక్కవలసినవారికి చేరేసరికి మిగలదు.

పైగా వ్యోమగామిని వీరుడిగా నిలబెట్టేది చాలాసార్లు ఆయన పని కంటే ఆయన వెనకున్న ప్రభుత్వపు అవసరమే. ఏలూరు రోడ్డులో లెనిన్ విగ్రహం చుట్టూ పాత పుస్తకాల కొట్లు ఉన్న ఈ విజయవాడలో, బిడ్డలకు గగారిన్ అని పేరు పెట్టుకున్న కుటుంబాలున్న ఈ ప్రాంతంలో ఈ మాట అనడం కొందరికి కష్టంగా తోచవచ్చు. 1961 ఏప్రిల్ 12న 108 నిమిషాల ప్రయాణం చేసిన యూరీ గగారిన్ ముఖం ప్రపంచమంతా తిరిగింది. ఆ రాకెట్‌ను రూపొందించిన సెర్గీ కొరొల్యోవ్ పేరు 1966 జనవరిలో ఆయన చనిపోయాకే లోకానికి తెలిసింది. అందరూ అందలమెక్కితే మోసేవారెవరని సామెత. సోవియట్ ప్రభుత్వం ఒక అడుగు ముందుకు వేసి మోసేవారి పేర్లను కూడా రాజ్య రహస్యం చేసింది. గగారిన్ ఎగరడానికి ఆరు నెలల ముందు, 1960 అక్టోబరు 24న, బైకనూర్‌లో ఇంధనం నింపిన క్షిపణి మీద హడావుడిగా మరమ్మతులు చేయిస్తుండగా అది పేలి పదుల సంఖ్యలో మనుషులు కాలిపోయారు. గడువు ముంచుకొస్తున్న ఆ రోజున పని ఆపించగలిగిన గొంతు అక్కడ లేకపోయింది. ఆ సంగతిని దాదాపు మూడు దశాబ్దాలు తొక్కిపెట్టారు. ఇక 1963లో అంతరిక్షానికి వెళ్లిన తొలి మహిళ వాలెంటీనా తెరెష్కోవా, 2020లో రష్యా పార్లమెంటులో నిలబడి, పుతిన్ మళ్లీ పోటీ చేయడానికి వీలు కల్పించే సవరణను స్వయంగా ప్రతిపాదించారు. ప్రభుత్వం ఇచ్చిన కీర్తికి వడ్డీ ఎలా చెల్లించవలసి వస్తుందో చూపడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే ఉన్న శ్రీహరికోటను చూద్దాం. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 రాకెట్ ప్రయోగానికి 1 గంట 14 నిమిషాల ముందు రెండో దశలో ఇంధనం లీకవుతోందని గుర్తించి కౌంట్‌డౌన్ ఆపేశారు. ఆ దశనే మార్చి 2014 జనవరి 5న ప్రయోగిస్తే, స్వదేశీ క్రయోజెనిక్ ఇంజిన్‌తో జీఎస్‌ఎల్‌వీ తొలిసారి విజయవంతమైంది. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2ను చూడటానికి సాక్షాత్తూ రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు. దేశమంతా మేలుకుని టీవీల ముందు ఉంది. ఇంకా 56 నిమిషాలు ఉందనగా గడియారం ఆగింది. రాష్ట్రపతి ఎదుట, ప్రపంచ మీడియా ఎదుట, లోపం ఉంది, ఈ రాత్రి ఎగరదు అని చెప్పడానికి ఎంత గుండె కావాలో ఊహించండి. వారం తిరిగేసరికి, జులై 22న, అదే రాకెట్ లేచింది. ఆ రాత్రి తెరల మీద అంకెలు చూసి మొట్టమొదట నోరు విప్పిన ఇంజినీరు ఎవరో మనకు తెలియదు. తెలుసుకోవాలని మనమూ అడగలేదు. లైవ్‌లో ఆగిపోయిన కౌంట్‌డౌన్ చూసి ఉసూరుమన్నాం, మరికొందరు ఎగతాళి చేశారు.

శుభాంశు శుక్లా యాత్ర వెనక కూడా ఇలాంటి కథే ఉంది, మన సన్మాన సభల్లో అది వినిపించదు. 2025 జూన్ 11న జరగవలసిన ఆ ప్రయోగం స్పేస్‌ఎక్స్ కంపెనీ ఫాల్కన్-9 రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకవుతోందని తేలడంతో ఆగిపోయింది. అమెరికా వెళ్లిన ఇస్రో బృందం లోపం పూర్తిగా సరిచేసి, మళ్లీ పరీక్షించాకే ఎగరాలని పట్టుబట్టిందని, వెతికితే ఆక్సిజన్ గొట్టంలో పగులు బయటపడిందని, అలాగే ఎగిరి ఉంటే ఘోరం జరిగేదని ఇస్రో ఛైర్మన్ నారాయణన్ తర్వాత స్వయంగా చెప్పారు. టికెట్ కొనుక్కున్న దేశం, ప్రపంచంలోనే అత్యధికంగా రాకెట్లు ప్రయోగించే కంపెనీకి ఎదురు చెప్పడమంటే మాటలు కాదు. శుక్లా జూన్ 25న వెళ్లి జులై 15న చిరునవ్వుతో తిరిగివచ్చారంటే దాని వెనక ఆ పట్టుదల ఉంది. నన్నడిగితే ఆ యాత్రకు సంబంధించి మొదటి దండ పడవలసింది ఆ లీకును వదలకుండా పట్టుకున్నవారి మెడలో.

అదే శ్రీహరికోటలో 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన విభాగంలో మంటలు చెలరేగి ఆరుగురు చనిపోయారు. వారు అంతరిక్షానికి వెళ్లలేదు, వెళ్లేవాటిని తయారుచేస్తూ పోయారు. ఆ ఆరుగురి పేర్లలో ఒక్కటి చెప్పగలిగిన ఆంధ్రుడు ఎక్కడైనా ఉంటాడా అన్నది నా అనుమానం.

సునీతా విలియమ్స్ ఉదంతం ఇంకా స్పష్టమైనది. 2024 జూన్ 5న సుమారు ఎనిమిది రోజుల పని మీద బోయింగ్ కంపెనీ నౌక స్టార్‌లైనర్‌లో వెళ్లిన ఆమె, బుచ్ విల్‌మోర్, 286 రోజుల తర్వాత 2025 మార్చి 18న మరో నౌకలో దిగారు. ఆమె ఓర్పును మన పత్రికలు వేనోళ్ల పొగిడాయి, పొగడదగినదే. ఆ కథలో నిర్ణాయక ఘట్టం మాత్రం 2024 ఆగస్టు 24న భూమి మీద జరిగింది. నౌకను అటూ ఇటూ మళ్లించే థ్రస్టర్లను నమ్మలేం, స్టార్‌లైనర్‌ను ఖాళీగానే దించుదామని నాసా ఆ రోజు తేల్చింది. తయారుచేసిన కంపెనీ తన నౌక సురక్షితమేనని చెబుతున్నా ఆ నిర్ణయం జరిగిందంటే, ఛాలెంజర్, కొలంబియాల తర్వాత అనుమానానికి నోరిచ్చే పద్ధతి ఆ సంస్థలో కొంతైనా వేళ్లూనుకుందని అర్థం. పధ్నాలుగు ప్రాణాలు తీసుకుని నేర్చుకున్న పాఠం అది.

మనం ఎన్ని ప్రాణాలు తీసుకుంటే నేర్చుకుంటాం? అసలు ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఈ ప్రశ్నే. విజయవాడ, గుంటూరు ప్రాంతం ర్యాంకుల హోర్డింగుల రాజధాని. ఒకట్లు, రెండ్లు, మూడ్లు బారులు తీరిన ఆ హోర్డింగుల కింద పెరిగిన పిల్లవాడికి సరైన జవాబు పెట్టడం వచ్చు. ప్రశ్నే తప్పని లేచి చెప్పడం ఎవరూ నేర్పరు. వాడే రేపు ఇంజినీరై ఫైలు మీద సంతకం పెడతాడు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడ నడిబొడ్డున ఒక హోటల్‌లో నడుపుతున్న కోవిడ్ కేంద్రంలో మంటలు లేచి పదిమంది ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా ప్రమాదం తర్వాతే అనుమతుల సంగతి, నిబంధనల సంగతి గుర్తుకు వచ్చాయి. ముందే గుర్తుచేసినవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే వారికి ఏం జరిగింది అన్నది మన విచారణ నివేదికల్లో అధ్యాయంగా ఉండదు.

నీటి ప్రాజెక్టుల గేట్ల సంగతి చూడండి. పులిచింతల 16వ గేటు 2021 ఆగస్టు 5న కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది ఆగస్టు 31న గుండ్లకమ్మలో ఒక గేటు పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి గేటు గల్లంతైంది. ఆ తర్వాత మూడు వారాలకే బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు లక్షలమంది నీళ్లలో చిక్కుకున్నారు, ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది, కొట్టుకొచ్చిన బోట్లు బ్యారేజీని ఢీకొని, గేట్లను లేపడానికి తోడ్పడే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. తుంగభద్రలో పారుతున్న నీటిలోనే, పోయిన గేటు స్థానంలో నీటిని ఆపే స్టాప్‌లాగ్ అమర్చే పనికి, తర్వాత మన బ్యారేజీ మరమ్మతుకు పరుగెత్తి వచ్చింది కన్నయ్యనాయుడు అనే వయోవృద్ధుడైన గేట్ల నిపుణుడు. ఆయనకు సన్మానాలు జరిగాయి, సంతోషం. అయినా గేటు కొట్టుకుపోయాక వచ్చి ఆదుకున్నవారినే మనం గుర్తుపెట్టుకుంటాం. గొలుసు తుప్పు పట్టింది, గ్రీజు పెట్టించండి, నిధులు ఇవ్వండి అని అంతకు ఏళ్ల ముందు నోట్ పెట్టిన అసిస్టెంట్ ఇంజినీరు ఎవరైనా ఉంటే ఆయన నోట్ ఏ బీరువాలో ఉందో ఎవరూ వెతకరు. పాఠకుల్లో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవారు చాలామందే ఉంటారు. అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టినవారికి ఏ ఊరికి బదిలీ అవుతుందో వారికి నేను చెప్పవలసిన పని లేదు.

కొలంబియా కూలిన 2003లోనే మన దేశంలో మరో ఇంజినీరు చనిపోయాడు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి జాతీయ రహదారుల సంస్థలో పనిచేస్తున్న సత్యేంద్ర దూబే, ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో నాణ్యత లోపాలను, అక్రమ సబ్‌కాంట్రాక్టులను వివరిస్తూ ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు బయటికి రాకుండా చూడమని కోరారు. ఆ లేఖ ఆయన పేరుతో సహా శాఖలన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో, స్టేషన్ నుంచి ఇంటికి వెళుతుండగా ఆయనను కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్లు. అది దోపిడీ కోసం జరిగిన హత్య అని దర్యాప్తు తేల్చింది, ముగ్గురికి శిక్ష పడింది; ఆ లేఖ పేరుతో సహా ఎందుకు తిరిగిందన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. కల్పనా చావ్లా, సత్యేంద్ర దూబే ఇద్దరూ చిన్న ఊళ్ల నుంచి వచ్చి ఇంజినీర్లయినవారే, ఒకే ఏడాది పోయినవారే. ఒకరు తనకు తెలియని లోపానికి బలయ్యారు, మరొకరు తనకు తెలిసిన లోపాన్ని చెప్పి నష్టపోయారు. వీరులెవరన్న ప్రశ్నకు నా జవాబు ఏమిటో పాఠకులు ఈపాటికే గ్రహించి ఉంటారు. దూబే పనిచేసిన భాగం బీహార్‌లోదే అయినా, స్వర్ణ చతుర్భుజి మనకు దూరపు రోడ్డు కాదు. విజయవాడ నుంచి గుంటూరుకు రోజూ పోయివచ్చే వేలమంది కాజ టోల్‌గేటు దగ్గర రుసుము కట్టేది ఆ చతుర్భుజిలోని చెన్నై-కోల్‌కతా మార్గం మీదే.

మన రాకెట్‌లోనే మనుషుల్ని అంతరిక్షానికి పంపే ఇస్రో యాత్ర గగన్‌యాన్ బృందం రేపు ఎప్పుడైనా విజయవాడకు వస్తే తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఘనంగా సన్మానించుకుందాం, నేనూ వచ్చి చప్పట్లు కొడతాను. ప్రధాని 2018లో ప్రకటించినప్పుడు 2022 నాటికి పూర్తవుతుందన్న ఆ యాత్ర ఏళ్ల తరబడి వాయిదా పడుతూ వస్తోందని దెప్పేవారిని మాత్రం నేను సమర్థించను. మనుషుల్ని ఎక్కించే రాకెట్‌ను ఇంకా సిద్ధం కాలేదని చెప్పగలగడమే ఇస్రో పరువు. ఆ పరువు మిగతా శాఖలకూ రావాలంటే కాగితం మీద కొన్ని రక్షణలు కావాలి. రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టిన ఇంజినీరును ఆ పని పూర్తయ్యేదాకా బదిలీ చేయకూడదన్న నియమం కావాలి. ప్రతి ప్రమాద విచారణ నివేదికలోనూ ముందుగా హెచ్చరించినవారి నోట్లను యథాతథంగా ప్రచురించాలి. దూబే హత్య తర్వాత దశాబ్దం పాటు చర్చించి 2014లో పార్లమెంటు ఆమోదించిన, అక్రమాలను బయటపెట్టేవారికి రక్షణనిచ్చే విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టానికి రాష్ట్రపతి సంతకం అయింది కాని, అది అమల్లోకి వస్తుందని చెప్పే నోటిఫికేషన్ మాత్రం ఏళ్లు గడిచినా వెలువడలేదు. మన రెండు నియోజకవర్గాల ఎంపీలూ వ్యోమగాముల అభినందన సభల్లో ముందు వరుసలోనే కనిపిస్తారు. ఆ నోటిఫికేషన్ ఎప్పుడు ఇస్తారని లోక్‌సభలో ఒక ప్రశ్న వేయడానికి వారికి అంతరిక్షానికి వెళ్లేంత సాహసం అక్కరలేదు.